ప్రభుత్వ బడి వార్షికోత్సవంలో దైవప్రార్థన ఉండవచ్చా?

పలకాబలపం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను కోస్తా జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. ఫిబ్రవరి చివరి వారంలో మా బడి వార్షికోత్సవం జరపవలసి ఉంది. ఈ సభ నడిచే తీరు మీకు తెలిసినదే. అతిథులు వేదికమీదికి రాగానే సరస్వతీదేవి పటానికి పూలమాల వేస్తారు, కొబ్బరికాయ కొడతారు, దీపం వెలిగిస్తారు, ఆపైన ఆరుగురు ఆడపిల్లలు ప్రార్థనాగీతం పాడతారు, పాట ముగిసేవరకు సభ అంతా లేచి నిలబడుతుంది. నేను ఈ బడికి రాకముందునుంచీ ఇదే క్రమం. నేను వచ్చిన ఐదేళ్ళలోనూ దీన్ని గురించి ప్రత్యేకంగా ఆలోచించలేదు.

ఈసారి ఆలోచించవలసి వచ్చింది. పాడే ఆరుగురిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. అంత శ్రుతిలో నిలిచే గొంతు మా బడిలో మరొకటి లేదు. సాధన మొదలైన రెండో రోజున గొంతు నొప్పిగా ఉందని చెప్పింది, మూడో రోజున బడికే రాలేదు. నాలుగో రోజు వాళ్ళమ్మ వచ్చి, నా గది గుమ్మం బయటే నిలబడి, "మేము ప్రార్థనకు వెళ్ళేవాళ్ళం సార్. పిల్ల ఆ పాట పాడితే మావాళ్ళు నన్ను అడుగుతారు. పాడనంటే మీరంతా ఏమనుకుంటారోనని దానికి భయం. మీరే ఏదో ఒకటి చెప్పి తప్పించండి" అని బతిమాలింది.

తప్పించడం తేలికే. అయితే పాడే బృందంలోనుంచి తప్పించినా, పాట వస్తున్నంతసేపూ ఆ అమ్మాయి మూడో వరుసలో అందరితోపాటు చేతులు జోడించి నిలబడే ఉండాలి కదా. ఆ నిలబడటం సంగతేమిటన్నది నన్ను వదలడం లేదు. ప్రజల పన్నులతో నడిచే బడి తన పేరుమీద జరిపే సభలో దైవప్రార్థన ఉండవచ్చా? చట్టం ఏమంటుందో, మీ మనసు ఏమంటుందో, రెండూ తెలుసుకోవాలని ఉంది.

గౌతమీతీరం

ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కారం. తెలుగు పండితుడిగా ముప్పై రెండేళ్ళు పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. మీరు చెప్పిన ఆరుగురు పిల్లల వంటి బృందాలను ఎన్నింటిని తయారుచేశానో లెక్క లేదు. కాబట్టి నా అభిప్రాయం ఏమిటో మీరు ఊహించగలరు, అయినా కారణాలు చెప్పనివ్వండి.

మన పిల్లవాడు పుస్తకానికి కాలు తగిలితే వంగి దాన్ని కళ్ళకు అద్దుకుంటాడు. నా దగ్గర చదివిన క్రైస్తవ పిల్లలూ ముస్లిం పిల్లలూ కూడా అదే చేసేవారు. సరస్వతి అన్న మాట నా దృష్టిలో ఆ కళ్ళకద్దుకోవడానికి మరో పేరు. చదువంటే ఉద్యోగానికి మెట్టు మాత్రమే కాదనీ, తలవంచి అందుకోవలసినదనీ పిల్లలకు మాటల్లో చెప్పకుండా తెలిసే క్షణం ఏడాది మొత్తంమీద ఆ నాలుగు నిమిషాలే. దాన్ని తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉండిపోదు. వార్షికోత్సవాలను సినిమా పాటల నృత్యాలు ఇప్పటికే ఆక్రమించాయి, ఆ నాలుగు నిమిషాలూ వాటికే పోతాయి.

నా బృందంలో ఒక ముస్లిం అమ్మాయి మూడేళ్ళు వరుసగా ప్రార్థన పాడింది. ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. పాడలేనన్న పిల్లను తప్పకుండా తప్పించండి. కానీ ఒకరు తప్పుకున్నారని అందరికీ మాన్పించడం న్యాయమని నాకు తోచడం లేదు.

నల్లకోటు

జిల్లా కోర్టులో న్యాయవాదిని. చట్టం సంగతి అడిగారు కాబట్టి దానివరకు చెబుతాను.

రాజ్యాంగం 28వ అధికరణంలో మూడు భాగాలున్నాయి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన జరపరాదని మొదటి భాగం చెబుతుంది. మీ జిల్లా పరిషత్ బడికి వర్తించేది ఇదే. మతబోధన జరగాలన్న షరతుతో ఎవరో ఏర్పరచిన ధర్మనిధి లేదా ట్రస్టు కింద పుట్టి, ప్రభుత్వం నిర్వహిస్తున్న సంస్థలకు రెండో భాగం మినహాయింపునిస్తుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన సంస్థలకు మూడో భాగం ఒక హద్దు గీస్తుంది: విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనలో పాల్గొనమనిగానీ ఆరాధనకు హాజరు కమ్మనిగానీ నిర్బంధించరాదు.

మొదటి భాగంలో "మతబోధన" అన్న మాట మాత్రమే ఉంది, "ఆరాధన" అన్న మాట మూడో భాగంలోనే కనిపిస్తుంది. ప్రార్థన పాడించడం బోధన కిందికి వస్తుందా అన్న చిక్కు ఇక్కడే పుట్టింది. కేంద్రీయ విద్యాలయాల ఉదయపు ప్రార్థనమీద 2017లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసినప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. "అసతోమా సద్గమయ" ఉపనిషత్తులోనిదని ధర్మాసనం ప్రస్తావిస్తే, సుప్రీంకోర్టు చిహ్నంమీద కూడా "యతో ధర్మస్తతో జయః" అని ఉంది కదా అని సొలిసిటర్ జనరల్ బదులిచ్చారు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 2019 జనవరిలో ఆ విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కాబట్టి బడిలో ప్రార్థనను రాజ్యాంగం ఒక్కమాటతో నిషేధించిందని చెప్పేవారూ, ఒక్కమాటతో అనుమతించిందని చెప్పేవారూ తొందరపడుతున్నట్టే.

రాజ్యాంగ సభలో 1948 డిసెంబరు 7న ఈ అధికరణం ముసాయిదామీద చర్చ జరిగినప్పుడు అంబేడ్కర్ చెప్పిన కారణాలు ఇప్పటికీ చదవదగినవి. పన్నుల సొమ్మును ఏ ఒక్క మతం మేలుకోసమూ వాడరాదన్నది మొదటిది. ఇన్ని మతాలున్న దేశంలో అన్నింటినీ సమానంగా బోధించే భారం ప్రభుత్వం మోయలేదన్నది రెండోది. తన దారి ఒక్కటే ముక్తిమార్గమని ఒక్కో మతమూ చెబుతున్నప్పుడు బడిలోకి తగవు వస్తుందన్నది మూడోది.

పాడటం, నిలబడటం విషయంలో మాత్రం గట్టి తీర్పు ఒకటి ఉంది. కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు 1985లో జాతీయ గీతం వస్తున్నప్పుడు గౌరవంగా నిలబడ్డారు కానీ పాడలేదు. వాళ్ళను బడినుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలుచన చేయవద్దు అన్నది ఆ తీర్పు ముగింపులోని భావం. జాతీయ గీతానికే నోరు విప్పమని బలవంతపెట్టకూడదన్నప్పుడు దైవప్రార్థనకు ఆ ప్రశ్నే లేదు.

చుక్కలగుట్ట

ఇంతవరకు మాట్లాడినవారంతా ఈ మతం పిల్లలు, ఆ మతం పిల్లలు అన్నారు. ఏ దేవుణ్ణీ నమ్మని ఇంటినుంచి వచ్చే పిల్లలు కూడా ఉంటారని గుర్తుచేయడానికి రాస్తున్నాను. నేను అటువంటి ఇంట్లో పెరిగాను. నాస్తికత్వాన్ని గురించి రాసినందుకు గోరా గారు 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఉపాధ్యాయుడికే అటువంటి పరిస్థితి వచ్చినప్పుడు పన్నెండేళ్ళ పిల్లవాడు తరగతిలో లేచి తన ఇంటి నమ్మకాన్ని చెప్పుకోగలడని ఎలా అనుకుంటాము?

మా బడిలో పదో తరగతి పరీక్షలకు ముందు హాల్ టికెట్లను దేవుడి పటం ముందు పెట్టి పూజ చేసి పంచేవారు. నా హాల్ టికెట్‌మీద కూడా కుంకుమ ఉండేది. అది నాకు హాని చేయలేదు. కానీ నా పరీక్షకు నన్ను అనుమతించే కాగితం ప్రభుత్వం నుంచి నేరుగా నాకు రావలసింది, మధ్యలో మరొకరి ఆశీస్సు గుండా వచ్చింది. పిల్లలు పరీక్షకు ముందు మనసులో దేవుణ్ణి తలచుకుంటే ఎవరూ ఆపనక్కరలేదు. బడి తానే మైకు పట్టుకొని ఆ పని చేయించడం వేరు.

ప్రైరీగాలి

డాలస్ ఉత్తర శివారులో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. పిల్లలిద్దరూ ఇక్కడి ప్రభుత్వ బడుల్లోనే చదువుతున్నారు. పండితులవారి మాటలు చదివినప్పుడు మొదట నా మనసు వారివైపే మొగ్గింది. మా ఊరి బడిలో ప్రార్థన పాడిన బృందంలో నేనూ ఉన్నాను. అయితే ఇక్కడ నేను మైనారిటీని. ఆ చోటినుంచి చూసినప్పుడు ఇదే విషయం నాకు వేరుగా కనిపించింది.

న్యూయార్క్ రాష్ట్ర విద్యాధికారులు ఒకప్పుడు బడుల్లో రోజూ చదవడానికి 22 మాటల చిన్న ప్రార్థన తయారుచేశారు. అందులో క్రీస్తు పేరు లేదు. సర్వశక్తిమంతుడైన దేవుడి దయ మామీద, మా తల్లిదండ్రులమీద, గురువులమీద, దేశంమీద ఉండాలని మాత్రమే ఉంది. ఇందులో ఎవరికి అభ్యంతరం ఉంటుందనుకున్నారు. కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. ప్రార్థనను రచించి ఇవ్వడం ప్రభుత్వం పని కాదని 1962లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనం "అసతోమా సద్గమయ అందరిదీ" అన్నప్పుడల్లా నాకు ఆ 22 మాటలు గుర్తుకొస్తాయి. రాసినవారికి అవి కూడా అందరివే అనిపించాయి.

ప్రధానోపాధ్యాయుల వారి ప్రశ్నకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రొవిడెన్స్ నగరంలో 1989లో ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల తన గ్రాడ్యుయేషన్ సభకు యూదు మతగురువును పిలిచి, ఏ మతాన్నీ నొప్పించకుండా ప్రార్థన ఎలా ఉండాలో చెప్పే చిన్న పుస్తకాన్ని కూడా ఆయనకు ఇచ్చింది. అభ్యంతరం చెప్పిన కుటుంబం కూడా యూదులే. తమ మతగురువే వచ్చినా బడి సభలో ప్రార్థన వద్దన్నారు. సభకు రావడం తప్పనిసరి కాదు, ఇష్టం లేకపోతే రాకపోవచ్చు అని బడి తరఫువారు వాదించారు. జీవితంలో ఒక్కసారి వచ్చే ఆ సభను వదులుకోమనడం నిజమైన ఎంపిక కాదని, ప్రార్థన వేళ మౌనంగా నిలబడటమే పాల్గొన్నట్టు అవుతుందని ఆ వయసు పిల్లలకు అనిపిస్తుందని 1992లో 5–4 తేడాతో తీర్పు వచ్చింది. మూడో వరుసలో నిలబడే ఆ అమ్మాయి గురించి మీరు అడిగినదీ అదే.

భిన్నాభిప్రాయం తెలిపిన నలుగురి మాటలోనూ బలం ఉంది. పక్కవారి ప్రార్థన వేళ మౌనంగా నిలబడటం మర్యాద మాత్రమే, దాన్ని నిర్బంధమనడం అతిశయోక్తి అన్నారు వారు. ఈ దేశం కూడా ఒక్కచోట ఆగలేదు. ఆట ముగిశాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థించిన ఫుట్‌బాల్ శిక్షకుడి పక్షాన 2022లో అదే కోర్టు నిలిచింది. ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ పది ఆజ్ఞల పటం పెట్టాలని మా టెక్సస్ 2025లో చట్టం చేసింది. ఆ వార్త వచ్చిన రాత్రి మా తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ బృందం నిద్రపోలేదు. మా అబ్బాయి తరగతి గోడమీద "నేను తప్ప నీకు వేరొక దేవుడు ఉండకూడదు" అని రాసి ఉంటే వాడు ఇంటికొచ్చి ఏమడుగుతాడని నేను భయపడ్డాను. ఆ భయం పడ్డాక మా ఊరి బడిలో ఎవరు ఎలా నిలబడ్డారో మొదటిసారి ఆలోచించాను.

గౌతమీతీరం

ప్రైరీగాలి గారూ, మీ బాధ అర్థమైంది. అయినా "నేను తప్ప వేరొకరు ఉండకూడదు" అన్న ఆజ్ఞకూ, చీకటినుంచి వెలుగులోకి నడిపించమన్న వేడుకోలుకూ తేడా లేదా? ఒకటి తలుపు మూస్తుంది, మరొకటి తెరుస్తుంది. రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడానికి నా మనసు ఒప్పడం లేదు.

తుంగభద్ర

పండితులవారికి వినయంగా ఒక మాట. నేను కర్నూలు ప్రాంతంలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో ఉర్దూ, చదువంతా తెలుగు. ఆరో తరగతినుంచి పదో తరగతివరకు నేనూ సరస్వతీ ప్రార్థన బృందంలో పాడాను. ఆ రాగం నాకు ఎంతో ఇష్టం, ఇప్పుడు కూడా వంట చేసుకుంటూ పాడుకుంటాను. అయితే నమస్కారం అన్న మాట వచ్చే చోట పెదవులు కదిపేవాణ్ణి కానీ గొంతు విప్పేవాణ్ణి కాదు. అల్లాకు తప్ప మరొకరికి ఆరాధనగా తలవంచకూడదని ఇంట్లో నేర్పారు, గురువుగారి మాట కాదనకూడదని కూడా ఇంట్లోనే నేర్పారు. పదకొండేళ్ళ వయసులో ఆ రెండింటి మధ్య నాకు నేను వెతుక్కున్న దారి అది. నా ఉపాధ్యాయులు ఎంతో మంచివారు, నన్ను ఎవరూ నిర్బంధించలేదు, వారికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. మీ ముస్లిం విద్యార్థిని ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదన్నారు. ఆమె మనస్ఫూర్తిగానే పాడి ఉండవచ్చు. నేను కూడా ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.

అందరి ప్రార్థనలూ కలిపి పెట్టండని ఎవరైనా సూచిస్తారేమో, దాన్ని గురించి కూడా చెప్పాలి. మా బడిలో అదీ చేశారు. ఒక శ్లోకం, ఒక బైబిలు వాక్యం, ఒక సూరా. ప్రతి ఏడూ టోపీ పెట్టి వేదిక ఎక్కించేది నన్నే, ఎందుకంటే తరగతిలో ముస్లిం అబ్బాయిని నేనొక్కణ్ణే. మిగతా పిల్లలు వక్తృత్వంలోనూ నాటకంలోనూ వాళ్ళ పేర్లతో వేదిక ఎక్కారు, నేను నా మతంగా ఎక్కాను. సదుద్దేశంతో చేసిన పనే, కానీ ఆ టోపీ బరువు నాకు ఇంకా గుర్తుంది.

ఈ వ్యవహారంలో ఉపాధ్యాయులు కూడా చిక్కుకుంటారు. 2019లో ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి, ఇక్బాల్ 1902లో పిల్లలకోసం రాసిన ప్రార్థనను పాడించారన్న ఫిర్యాదుమీద సస్పెండ్ చేశారు. నా బతుకు దీపంలా వెలగాలి, పేదలకు అండగా ఉండాలి అని అడిగే కవిత అది. పండితులవారు చెప్పినట్టు తలుపు తెరిచే ప్రార్థనే. అయినా పాడే బడినిబట్టి, పాడించే మనిషినిబట్టి అది నేరమైంది. ప్రార్థనలోని మాటలు మంచివా కావా అని తూచడం మొదలుపెడితే ఆ తూచే పని చివరికి ఎవరి చేతిలో పడుతుందో చూడండి.

నల్లరేగడి

"పాడలేనన్న పిల్లను తప్పించండి" అన్న మాట అందరూ తేలికగా అంటున్నారు. ఆ తల్లి గుమ్మం బయట ఎందుకు నిలబడిందో, పరిష్కారం కాక ఏదో ఒక సాకు ఎందుకు అడిగిందో ఆలోచించమని కోరుతున్నాను. ఆ కుటుంబం ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మా ప్రాంతం సంగతి చెబుతున్నాను.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవం స్వీకరించినవారికి లేదు, మన దగ్గర వారిని బీసీ-సిలో చేర్చారు. ఈ కారణంగా మాల మాదిగ పల్లెల్లో ఆదివారం ప్రార్థనకు వెళ్ళే ఎన్నో ఇళ్ళు కాగితాలమీద హిందువులుగానే ఉంటాయి. అది సరైనదా కాదా అన్న వాదనలోకి ఇక్కడ వెళ్ళను. కానీ 28వ అధికరణంలోని "సమ్మతి" అన్న మాటను ఆ ఇంటి గడపలో నిలబడి చదవండి. ఫలానా మతం కాబట్టి మా పిల్లను ప్రార్థననుంచి మినహాయించండి అని ఆ తల్లి కాగితంమీద రాసి ఇస్తే, ఆ కాగితం పిల్ల ఉపకారవేతనాన్నీ, రేపటి సీటునూ ప్రశ్నలో పడేయగలదు. నోరు విప్పలేనివారికి మినహాయింపు కోరే హక్కు ఉందని చెప్పడం వారికి ఏమీ ఇవ్వకపోవడంతో సమానం. నిర్బంధం లేదు కదా అని మనం అనుకుంటున్న చోట, అడగలేకపోవడమే నిర్బంధంగా పనిచేస్తోంది.

గడపముగ్గు

ఇక్కడ రాస్తున్నవారంతా చదువుకున్నవారు, నేను పదో తరగతితో ఆపేసి కుట్టుమిషను పనిచేసుకునేదాన్ని. తప్పులుంటే మన్నించండి. మా అమ్మాయి ప్రభుత్వ బడిలోనే ఏడో తరగతి చదువుతోంది, ప్రార్థన బృందంలో పాడుతుంది.

మాది వెనకబడిన కులం. మా నాన్నమ్మకు శ్లోకం అంటే గుడి బయటినుంచి వినపడే శబ్దం. మా అమ్మాయి వేదికమీద నిలబడి తప్పు లేకుండా శ్లోకం చెబితే ఊళ్ళో పెద్దలు లేచి నిలబడ్డారు. ఆ రోజు మా అత్తగారు ఏడ్చారు. ప్రైవేటు బడుల పిల్లలకు వేదికలు ఎన్నో ఉంటాయి, మా పిల్లలకు ఏడాదికి ఇదొక్కటే. ఆ తల్లి బాధ నాకు తెలుస్తోంది, నేను కూడా ఆడపిల్ల తల్లినే. కానీ ప్రార్థన తీసేయండి అని మీరు ఒక్కమాటతో అంటుంటే, మా పిల్లకు ఇన్నాళ్ళకు దొరికినదాన్ని మళ్ళీ తీసేసుకుంటున్నట్టు ఉంది. పెద్దలు లేచి నిలబడటం మీకు ఒక రకంగా కనిపిస్తోంది, నాకు ఇంకో రకంగా కనిపించింది.

ఓరుగల్లు

గడపముగ్గు గారి సందేశాన్ని రెండుసార్లు చదివాను. ఈ చర్చలో నాకు అన్నిటికంటె కష్టమైన ప్రశ్న వారిదే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, కానీ ఆపడంవల్ల కలిగే గాయం గురించి మా తెలంగాణ చరిత్రలో ఉన్న ఒక సంగతి చెబుతాను.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వసతి గృహాల్లో హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరం పాడేవారు. నిజాం ప్రభుత్వపు అధికారులు దాన్ని నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు, వందల మందిని బహిష్కరించారు. నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకోకపోయి ఉంటే వాళ్ళ చదువులు అక్కడితో ముగిసేవి. అలా వెళ్ళి చదువుకున్నవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. అక్కడ విద్యార్థులు తమంతట తాము కలుసుకొని పాడుకున్నారు, అధికారం వచ్చి నోరు మూయించింది. అది అన్యాయమని నా చిన్నప్పటినుంచీ మా ఇంట్లో విన్నాను. అయితే అధికారం నోరు మూయించడం అన్యాయమైనట్టే, అధికారం నోరు తెరిపించడం కూడా అన్యాయమే అవుతుంది కదా. వసతి గృహంలోని ప్రార్థన గది వేరు, అందరూ ఒకే వరుసలో నిలబడవలసిన బడి వేదిక వేరు. మొదటిదాన్ని కాపాడాలి, రెండోదాన్ని ఎవరి పరమూ చేయకూడదు.

ఇంకొకటి. మన బడుల్లో ఉదయపు సమావేశం మొత్తానికి "ప్రార్థన" అనే పేరు. ప్రార్థన గంట కొట్టారు, ప్రార్థనకు ఆలస్యమైంది అంటాము. అందులో రోజూ పిల్లలు చెప్పే ప్రతిజ్ఞలో ఏ దేవుడి పేరూ లేదు. "భారతీయులందరూ నా సహోదరులు" అన్న ఆ మాటలను 1962లో తెలుగులో మొదట రాసినవారు నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, అప్పుడు ఆయన విశాఖపట్నంలో ఖజానా అధికారి. తరవాత దేశంలోని భాషలన్నిటిలోకీ వెళ్ళింది. సభ ఆరంభంలో అందరూ కలిసి నిలబడి చెప్పడానికి మన మాటలే మన దగ్గర ఉన్నాయి.

నల్లకోటు

ఓరుగల్లు గారి మాటకూ గడపముగ్గు గారి మాటకూ మధ్య ఒక దారి కనిపిస్తోంది. పిల్లలు ఒక కీర్తననో శ్లోకాన్నో కార్యక్రమంలో ఒక అంశంగా పాడితే, మిగతావారు కూర్చొని వింటే, అది కళాప్రదర్శన. అదే పాటకు సభ అంతా లేచి చేతులు జోడిస్తే అది సామూహిక ఆరాధన. మతాల తత్త్వాన్ని, సాహిత్యాన్ని చదవడం తప్పు కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో పోతన పద్యాలు ఉన్నాయి, వాటిని ప్రతి మతం పిల్లలూ చదువుతున్నారు, చదవాలి కూడా. పద్యాన్ని చదవడానికీ, దానిలోని దేవుడికి మొక్కడానికీ ఉన్న ఎడం మనకు తరగతి గదిలో బాగా తెలుసు, వేదిక ఎక్కేసరికి మరచిపోతున్నాము.

చుక్కలగుట్ట

ఈ విభజన నాకు ఒప్పుదలే. అయితే దీపం, కొబ్బరికాయ సంగతి?

గౌతమీతీరం

రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. తుంగభద్ర గారు పెదవులు కదిపి ఊరుకున్నానన్న మాట చదివాక, నా బృందంలోని ఆ అమ్మాయి ముఖాన్ని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. గొంతు గుర్తుంది. నమస్తుభ్యం అన్న చోట ఆమె గొంతు వినిపించిందో లేదో చెప్పలేను. మూడేళ్ళూ నా దృష్టి శ్రుతిమీదే ఉంది.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. దీపం నాకు ఇప్పటికీ చీకటిని పోగొట్టే దీపమే, దాన్ని ఒక మతం గుర్తుగా ఒప్పుకోలేను. కొబ్బరికాయ విషయంలో మీతో వాదించను, అది పూజలో భాగమే. పాటను నల్లకోటు గారు చెప్పినట్టు కార్యక్రమంలో ఒక అంశంగా పెట్టండి. గడపముగ్గు గారి అమ్మాయి వంటి పిల్లలు పాడాలి, ఊరు వినాలి, ఇష్టమైనవారు మనసులో దండం పెట్టుకోవాలి. ఎవరినీ లేవమని మైకులో చెప్పకండి. తుంగభద్ర గారికి ఇంతకంటె చెప్పగలిగిన మాట నా దగ్గర లేదు.

పలకాబలపం

అందరికీ కృతజ్ఞతలు. శనివారం ఉపాధ్యాయుల సమావేశంలోనూ, ఆ తరవాత పాఠశాల యాజమాన్య కమిటీలోనూ విషయం పెట్టాను. సమావేశాలు సాఫీగా సాగలేదు. ఇద్దరు ఉపాధ్యాయులు తమ అసమ్మతిని పుస్తకంలో రాయించారు. శామియానా ఖర్చు భరించే దాత ఒకరు ఈ ఏడు ఇవ్వనన్నారు. చివరికి ఇలా తేలింది. సభ ప్రతిజ్ఞతోనూ రాష్ట్ర గీతంతోనూ మొదలవుతుంది, అందరూ నిలబడతారు. సరస్వతీ గీతం నాలుగో అంశం, తెలుగు ఉపాధ్యాయిని శిక్షణలో ఐదుగురు పాడతారు, ఎవరినీ లేవమనము. కొబ్బరికాయ ఉండదు. దీపం విషయంలో కమిటీ రెండుగా చీలింది, కాబట్టి ఈ ఏడు అతిథి వెలిగిస్తారు, పిల్లలను వేదికమీదికి పిలవము. ఇది సంతృప్తికరమైన పరిష్కారమని అనను. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి రాష్ట్ర గీతం బృందంలో చేరింది.

తుంగభద్ర

ప్రధానోపాధ్యాయుల వారూ, ఒక్క మనవి. కార్యక్రమంలో మార్పు ఎందుకు వచ్చిందో సభలోగానీ, ఆహ్వాన పత్రికలోగానీ చెప్పకండి. "కొందరు తల్లిదండ్రుల కోరికమీద" అన్న మాట ఎక్కడా రాకూడదు. ఆ కొందరు ఎవరని ఊరు ఆ సాయంత్రమే వెతకడం మొదలుపెడుతుంది. గుమ్మం బయట నిలబడి అడిగిన తల్లి ఇల్లు కనుక్కోవడం పల్లెలో కష్టం కాదు.

పలకాబలపం

మీరు చెప్పేవరకు నాకు తట్టలేదు. ఆహ్వాన పత్రిక రెండో పేజీలో సరిగ్గా ఆ వాక్యమే ఉంది. ఇప్పుడే ప్రెస్సుకు ఫోన్ చేసి అచ్చు ఆపించాను, తెల్లవారి నేనే వెళ్ళి ఆ వాక్యం తీయించి వస్తాను.